ఎనిమిది కోళ్లకు వంద డోసుల సీసా

కోళ్లకు వచ్చే కొక్కెర తెగులుకు టీకా ఉంది. ధర తక్కువ. దశాబ్దాలుగా వాడుకలో ఉన్నదే. అయినా ఎన్నో పల్లెల్లో పెరటి కోళ్లు ఇప్పటికీ ఆ తెగులుతోనే గుంపులుగా చనిపోతున్నాయి. దీనికున్న కారణాల్లో ఒకటి వినడానికి చాలా చిన్నది. టీకా సీసాలో సాధారణంగా వంద డోసులో, అంతకంటే ఎక్కువో ఉంటాయి. పల్లె ఇంటి పెరట్లో ఉండే కోళ్లు ఎనిమిదో, పదో. మూత తీసి మందు కలిపాక ఆ సీసాను రేపటికి దాచుకోవడానికి వీల్లేదు. ఎనిమిది కోళ్ల కోసం వంద డోసులు ఎవరు కొంటారు? తొంభైరెండు డోసులు ఎవరు పారబోస్తారు?

పెద్ద కోళ్ల ఫారాలకు ఈ చిక్కు ఉండదు. చిన్న పెరళ్లకే ఉంటుంది. కోళ్లనూ పందులనూ నాలుగేసి, పదేసి చొప్పున పెంచే ఇంట్లో సైన్స్ ఎలా పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నది తెలుసుకోవాలంటే అలాంటి ఒక పెరట్లోకి వెళ్లి చూడాలి.

తోంగ్‌పాల్ పెరడు

ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ నుంచి సుక్మా, కుంట మీదుగా భద్రాచలం వైపు వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మీద, సుక్మా జిల్లాలో తోంగ్‌పాల్ ఉంది. భూగర్భ శాస్త్రవేత్తలకు ఈ పేరు తగరం ఖనిజం వల్ల తెలుసు. చుట్టుపక్కల పల్లెల్లో ధుర్వా, గోండు, హల్బా కుటుంబాలు ఉంటాయి. దక్షిణాన కుంట వైపు వచ్చే కొద్దీ దోర్లా, కోయ పల్లెలు, వాటితోపాటు తెలుగు మాటలు వినిపిస్తాయి. మనం కోడి, పంది అనే వాటిని గోండి భాషలో కోర్, పద్ది అంటారు. ఈ రెండు జంతువులతో మన భాషల పరిచయం ఎంత పాతదో ఆ మాటల పోలికే చెబుతుంది.

ఈ ప్రాంతంలో ఉండే చిన్న రైతు ఇంటిని ఒకదాన్ని ఊహించుకుందాం. వానల మీద పండే కొంచెం వరి, మెట్టలో రాగులు, సామలు. అడవి నుంచి ఇప్పపూలు, చింతపండు. పెరట్లో మూడు పెట్టలు, ఒక పుంజు, ఎదుగుతున్న నాలుగు పిల్లలు, ఒక ఆడపంది. వీటి బాగోగులు ఎక్కువగా ఇంటి ఆడవాళ్లే చూస్తారు.

ఆ ఇంటికి ఇవి రోజూ కూరలోకి వచ్చే మాంసం కాదు, అవసరానికి అందే సొమ్ము. పిల్లవాడికి జ్వరం వస్తే ఒక పుంజు వారపు సంతకు వెళ్తుంది. పెళ్లికో, విత్తనాలకో పంది అమ్ముడవుతుంది. ఊరి దేవతకు మొక్కు, చుట్టానికి మర్యాద కూడా పెరట్లోంచే వెళ్తాయి. 2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు, ఇతర పెరటి పక్షులు 31.7 కోట్లు. 2012తో పోలిస్తే దాదాపు 46 శాతం పెరిగాయి. పందులు మాత్రం అదే కాలంలో 12 శాతం తగ్గి సుమారు 90 లక్షలకు చేరాయి.

కోడి ఏం తింటుంది?

తెల్లవారుతూనే గంప ఎత్తుతారు. గుప్పెడు నూకలో, తౌడో చల్లుతారు. ఆ తర్వాత కోడి తన మేత తానే వెతుక్కుంటుంది. కళ్లంలో రాలిన గింజలు, పేడకుప్పలో పురుగులు, గడ్డి మొలకలు, నత్తలు, వంటింటి మెతుకులు. చిన్న పిల్లలకు బలం కావాలంటే చెదపుట్ట నుంచి ఒక పెళ్ల పెకలించి తెచ్చి వాటి ముందు పెట్టడం అనేక గిరిజన గ్రామాల్లో ఉన్న అలవాటు. చెదల్లో ప్రోటీన్ దండిగా ఉంటుంది. రెక్కలు, ఈకలు వచ్చే వయసులో పిల్లకు కావలసింది అదే.

ఇలా పెరటి చుట్టూ ఉచితంగా దొరికే మేతంతటినీ శాస్త్రవేత్తలు ఒక వనరుగా లెక్కిస్తారు. కొన్ని కోళ్లను కోసి, గొంతు దగ్గర ఉండే మేత సంచిలో ఏమేం ఉన్నాయో తూచి అంచనా వేస్తారు. ఇందులో తెలిసే సంగతి ఒకటుంది. ఈ వనరుకు హద్దు ఉంది, అది కాలాన్ని బట్టి మారుతుంది. కోతల తర్వాత గింజలు ఎక్కువ, వానల్లో పురుగులూ పచ్చికా ఎక్కువ, మండు వేసవిలో రెండూ తక్కువ. ఎనిమిది కోళ్లకు చాలే పెరట్లోకి ఇరవై కోళ్లను తెస్తే గుడ్లు రెండింతలు కావు. అన్నీ బక్కచిక్కుతాయి, ముందుగా పిల్లలు చనిపోతాయి. కోళ్లు పెంచుకోమని ఉచితంగా పిల్లలు పంచే పథకాలు కొన్నిచోట్ల చతికిలబడటానికి ఇది కూడా ఒక కారణం. పిల్లలను ఇచ్చినంత సులభంగా వాటి మేతను ఇవ్వలేం.

ఇరవై ఒక్క రోజులు, ఆ తర్వాత నెల

నాటు పెట్ట ఏడాదంతా గుడ్లు పెట్టదు. పది పదిహేను గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగి గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. 21 రోజులపాటు గుడ్లను సుమారు 37.5 డిగ్రీల వెచ్చదనంలో ఉంచుతూ, పిండం పెంకుకు అంటుకుపోకుండా వాటిని తిప్పుతూ ఉంటుంది. ఏడో రోజు రాత్రి టార్చి వెలుగులో గుడ్డును పట్టి చూస్తే, పిల్ల తయారవుతున్న గుడ్డులో ఎర్రని నరాల వల కనిపిస్తుంది. ఏమీ కనిపించని గుడ్డును తీసేయవచ్చు.

అసలు నష్టం పిల్లలు బయటికి వచ్చాక మొదలవుతుంది. మొదటి కొన్ని వారాలు పిల్ల తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. తల్లి వెంట తడిలో తిరిగితే చలికి చనిపోతుంది. పైనుంచి గద్ద, పక్కనుంచి ముంగిస, రాత్రి పిల్లి.

ఒక లెక్క వేద్దాం. మూడు పెట్టలు ఏడాదికి మూడేసి సార్లు పొదిగి, ఒక్కోసారి పది పిల్లలు లేపాయనుకుంటే మొత్తం 90 పిల్లలు. సగం చనిపోతే మిగిలేవి 45. మొదటి నాలుగు వారాలు తల్లినీ పిల్లలనూ గంప కింద పొడిగా ఉంచి, లోపలే నూకలు, చెదలు, నీళ్లు పెట్టి మూడింట రెండొంతులు బతికించుకుంటే 60. కొత్త కోడిని కొనకుండానే పదిహేను కోళ్లు పెరిగినట్టు. ఖర్చు ఒక వెదురు గంప, కాసింత కనిపెట్టుకుని ఉండటం.

ఏ కోడి మంచిదన్న ప్రశ్న ఇక్కడే వస్తుంది. బస్తర్ సంతల్లో పందేలకు దింపే అసీల్ జాతి ఈ ప్రాంతానిదే. ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్ర ప్రాంతాలు దాని పుట్టినిల్లుగా జాతీయ రికార్డుల్లో ఉంది. మధ్యప్రదేశ్‌లోని ఝాబువాకు చెంది, 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన నల్లకోడి కడక్‌నాథ్‌ను కూడా బస్తర్‌లో పెంచుతున్నారు. ఈడీఎన్3 అనే జన్యువు ఉన్న భాగం క్రోమోజోములో రెట్టింపు కావడం వల్ల దాని చర్మం, మాంసం, ఎముకల పైపొర కూడా నల్లగా ఉంటాయి. హైదరాబాద్‌ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే వనరాజా, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది. ఇవి నాటు కోడికంటే ఎక్కువ గుడ్లు పెడతాయి, త్వరగా బరువెక్కుతాయి. అయితే పొదుగు గుణం వీటిలో తక్కువ. గుడ్లు ఎక్కువ కావాలని పొదుగును తగ్గించుకుంటూ వచ్చిన ఎంపిక ఫలితం ఇది. అందుకే నాటు పెట్ట కింద ఈ గుడ్లను పెట్టి పొదిగించడమో, మళ్లీ పిల్లలు కొనడమో చేయాలి. రెండు రకాలూ ఒకే పెరట్లో ఉంటే ఒకదాని లోటు మరొకటి తీరుస్తుంది.

కొక్కెర తెగులు

ఇంత కష్టపడి నిలబెట్టుకున్న మందను రెండు మూడు రోజుల్లో తుడిచిపెట్టేది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లోనూ, జావా దీవిలోనూ దీన్ని గుర్తించారు. మరుసటి ఏడాదే మన దేశంలో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్ దగ్గర కనిపించింది. అందుకే పశువైద్యులు దీన్ని రాణిఖేత్ వ్యాధి అంటారు. కోడి నోరు తెరిచి ఊపిరి కోసం తంటాలు పడుతుంది. ఆకుపచ్చగా పారుకుంటుంది. మెడ వంకర తిరుగుతుంది, రెక్కలు, కాళ్లు పడిపోతాయి. టీకా వేయని మందలో వైరస్ తీవ్రమైన రకమైతే పదిట్లో తొమ్మిది కోళ్లు కూడా చనిపోవచ్చు.

వైరస్ రెట్టలోనూ, నోటి చొంగలోనూ బయటికి వస్తుంది. మనిషి కాళ్లకు, గంపకు, సంతకు తీసుకెళ్లే సంచికి అంటుకుని ప్రయాణం చేస్తుంది. తెగులు మొదలైందని తెలియగానే మిగిలిన కోళ్లను ఆ వారమే సంతలో అమ్మేయాలనిపిస్తుంది. చనిపోయేలోపు నాలుగు రూపాయలు రాబట్టుకోవాలనుకోవడం ఆ ఇంటి దృష్టిలో సహజమే. కానీ బయటికి లక్షణాలు కనిపించని కోడి ఒంట్లో కూడా వైరస్ ఉండవచ్చు. సంతకు పది ఊళ్ల వాళ్లు వస్తారు. ఒక ఇల్లు నష్టం తగ్గించుకోబోతే పది ఊళ్లకు తెగులు చేరుతుంది. పైగా కోళ్లు ఒక్కసారిగా చనిపోవడం బర్డ్ ఫ్లూ లక్షణం కూడా. కాబట్టి అలాంటప్పుడు కోళ్లను కదిలించకుండా పశువైద్యశాలకు కబురు పెట్టడమే సరైన పని.

ఈ తెగులుకు చికిత్స లేదు. టీకా మాత్రమే ఉంది. మొదటి వారంలో లాసోటా లేదా ఎఫ్ రకం టీకాను కంట్లోనో, ముక్కులోనో ఒక చుక్క వేస్తారు. కంటి వెనక హార్డేరియన్ గ్రంథి అనే రోగనిరోధక స్థావరం ఉంటుంది. వైరస్ లోపలికి వచ్చే దారిలోనే అది కాపలా తయారుచేస్తుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసు దాటాక ఆర్2బి అనే టీకాను సూదితో ఇస్తారు. ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టీకా ఇది. కాస్త ఘాటైనది కాబట్టి పసిపిల్లలకు వేయకూడదు.

వంద డోసుల చిక్కు విప్పడం

టీకాలో ఉన్నది బలహీనపరచిన సజీవ వైరస్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య చల్లగా ఉంచాలి. ద్రావణంలో కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఎండలో, గుంతల దారిలో సైకిలు మీద వెళ్లే సీసాకు ఇది గట్టి పరీక్షే. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో బృందం వేడిని మరికాస్త తట్టుకునే ఐ-2 అనే రకాన్ని పల్లె కోళ్ల కోసమే రూపొందించింది. ఆఫ్రికా, ఆసియా దేశాల్లో దాన్ని కంటి చుక్కగా వాడారు. చల్లదనం సమస్యను సైన్స్ కొంతవరకు తీర్చగలిగింది.

డోసుల సమస్యను తీర్చాల్సింది ఊరే. ఇంటికి ఎనిమిది కోళ్లయితే పన్నెండు ఇళ్లకు 96. ఒక సీసాకు సరిగ్గా సరిపోయే లెక్క. ఒక రోజు ముందే అనుకుని, మరునాడు తెల్లవారుజామున గంపలు ఎత్తకముందే ఒకరు ఇల్లిల్లూ తిరిగితే గంటన్నరలో పని అయిపోతుంది. ఆలస్యమైతే కోళ్లు పొలాల్లో ఉంటాయి, ఎవరికీ చిక్కవు. ఇలాంటి పనికే స్వయం సహాయక సంఘాల మహిళలకు శిక్షణ ఇచ్చి పశుసఖులుగా తయారుచేస్తున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో బిహాన్ పేరుతో నడిచే గ్రామీణ జీవనోపాధి మిషన్‌లోనూ పశుసఖులు ఉన్నారు. కోడికి ఇంత అని చిన్న రుసుము తీసుకుంటే ఆమె శ్రమకూ విలువ ఉంటుంది, వచ్చే విడత టీకాకూ సొమ్ము మిగులుతుంది.

ఇందులో ఇంకో లాభం ఉంది. ఊళ్లో ఎక్కువ కోళ్లకు రక్షణ ఉంటే వైరస్‌కు ఒక కోడి నుంచి మరో కోడికి దారి దొరకదు. టీకా పడని నాలుగు కోళ్లు కూడా బతికిపోతాయి. ఒక్క ఇల్లు మాత్రమే వేయిస్తే ఈ లాభం రాదు. ఒక జాగ్రత్త కూడా అవసరం. తెగులు ఊళ్లోకి వచ్చాక వేసిన టీకా అప్పటికే సోకిన కోడిని కాపాడదు. టీకా వేసిన మర్నాడే కోడి చనిపోతే నింద టీకా మీదికి వెళ్తుంది. ఒకసారి పోయిన నమ్మకం మళ్లీ రావడానికి ఏళ్లు పడుతుంది.

పంది, ఎర్రమన్ను

పెరట్లో రెండో జంతువు పంది. ఇంట్లో మిగిలిన గంజి, కుడితి, తౌడు, కాపు తీసిన ఇప్పపూల పిప్పి, అడవి దుంపలు, చేలో మిగిలిన ఆకులు దాని మేత. మనిషి తినలేని దాన్ని మాంసంగా, కొవ్వుగా మార్చడంలో పందికి సాటి తక్కువ. ఈనడానికి పట్టే కాలం సుమారు 114 రోజులు, అంటే మూడు నెలల మూడు వారాల మూడు రోజులు. చెమట పట్టి ఒళ్లు చల్లబడే శక్తి పందికి దాదాపు లేదు. బురదలో పొర్లేది అందుకే. ఒంటికి అంటిన బురద నెమ్మదిగా ఆరుతూ వేడిని లాగేస్తుంది. వేసవిలో నీడ, నీళ్లు లేని చోట పందిని కట్టేయడం ప్రమాదం.

పందిపిల్లల విషయంలో ఒక ఆసక్తికరమైన సంగతి ఉంది. పుట్టినప్పుడు పిల్ల ఒంట్లో ఉండే ఇనుము సుమారు 50 మిల్లీగ్రాములు. వేగంగా పెరిగే ఆ పిల్లకు రోజుకు ఏడు మిల్లీగ్రాముల దాకా కావాలి. తల్లి పాలలో దొరికేది ఒక మిల్లీగ్రాము మాత్రమే. బయట తిరిగే పిల్ల మన్ను తవ్వి, నాకి ఆ లోటు తీర్చుకుంటుంది. అదే పిల్లను సిమెంటు గచ్చు మీద శుభ్రంగా పెంచితే రెండు మూడు వారాల్లో రక్తహీనతతో పాలిపోతుంది. అందుకే ఫారాల్లో పుట్టిన మూడో రోజుకల్లా ఇనుము సూది వేస్తారు.

తోంగ్‌పాల్‌కు పడమరగా ఉన్న బైలాడీలా కొండలు దేశంలోనే పేరున్న ఇనుప ఖనిజపు గనులు. ఈ ప్రాంతపు ఎర్రమన్ను రంగు ఇనుము ఆక్సైడ్లదే. అయితే ఏ మన్నయినా పనికిరాదు. పందులు తిరిగిన చోట మన్నులో ఏలికపాముల గుడ్లు ఉంటాయి. పందులు, మనుషులు మెసలని చోట లోతుగా తవ్విన మన్నును గచ్చు మీద ఒక మూల పోస్తే పిల్లలకు కొంత ఇనుము దక్కుతుంది. సూది అందుబాటులో ఉంటే అదే ఉత్తమం.

మనిషికీ పందికీ మధ్య తిరిగే పురుగు

పందిని ఎందుకు కట్టేసి పెంచాలన్న ప్రశ్నకు జవాబు బద్దె పురుగులో ఉంది. టీనియా సోలియం అనే ఈ బద్దె పురుగు పెద్దదై ఉండేది మనిషి పేగులో మాత్రమే. దాని గుడ్లు మలంతో బయటికి వస్తాయి. ఆరుబయట మలాన్ని తిన్న పంది కండల్లో ఆ గుడ్లు నీటితిత్తుల్లా మారతాయి. సరిగా ఉడకని ఆ మాంసం తిన్న మనిషి పేగులో మళ్లీ బద్దె పురుగు పెరుగుతుంది.

ఈ చక్రంలో ప్రమాదకరమైన పక్కదారి ఒకటుంది. గుడ్లు కడగని చేతుల ద్వారానో, కలుషితమైన నీళ్లు, ఆకుకూరల ద్వారానో నేరుగా మనిషి నోట్లోకి వెళ్తే, పంది కండల్లో ఏర్పడిన తిత్తులే మనిషి మెదడులోనూ ఏర్పడతాయి. వాటి వల్ల మూర్ఛలు వస్తాయి. పంది మాంసం ఎన్నడూ ముట్టని వారికి కూడా ఇది రావచ్చు. ఈ పురుగు పాతుకుపోయిన ప్రాంతాల్లో మూర్ఛ కేసుల్లో దాదాపు 30 శాతం దీని వల్లేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. పల్లెలో మూర్ఛను గాలి సోకిందనో, చేతబడి అనో అనుకోవడం కద్దు. ఆ మనిషికి కావలసింది వైద్యుడి దగ్గర స్కానింగ్, మందులు.

చక్రాన్ని ఎక్కడైనా తెంచవచ్చు. అందరూ మరుగుదొడ్డి వాడటం ఒకటి. పందిని దొడ్డిలో ఉంచి మేపడం రెండోది. మాంసాన్ని లోపల ఎరుపు లేకుండా ఉడికించడం మూడోది. నాలుగోది టీకా. మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు కనుగొన్న టీసోల్18 అనే ప్రోటీన్ ఆధారంగా పందులకు వేసే టీకాను హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ సిస్‌వ్యాక్స్ పేరుతో తయారుచేస్తోంది. పందికి టీకా వేస్తే రక్షణ దొరికేది ముఖ్యంగా మనుషులకు. కాబట్టి దాని ఖర్చు ఆ పేద ఇంటి మీదే వేయడం న్యాయం కాదు.

రెండు జ్వరాలు, ఒక కుడితి కుండ

పందులకు వచ్చే స్వైన్ ఫీవర్లు రెండు. పేర్లు దగ్గరగా ఉన్నా వైరస్‌లు వేరు. క్లాసికల్ స్వైన్ ఫీవర్‌కు టీకా ఉంది. పాత పద్ధతిలో కుందేళ్ల ప్లీహం నుంచి తీసేవారు. ఒక కుందేలుకు సుమారు 50 డోసులే వచ్చేవి, అందుకే ఎప్పుడూ కొరతే. భారత పశువైద్య పరిశోధన సంస్థ కుందేళ్ల అవసరం లేకుండా ప్రయోగశాలలోని కణాల్లో పెంచే టీకాను అభివృద్ధి చేసింది. అది 2020లో విడుదలైంది. అదే ఏడాది అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో రెండోది, అంటే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, మన దేశంలో తొలిసారి నిర్ధారణ అయింది. ఇది మనుషులకు సోకదు. కానీ సోకిన పందులు దాదాపు అన్నీ చనిపోవచ్చు. మన రైతుల చేతికి దీని టీకా ఇంకా రాలేదు.

టీకా లేనిచోట పెరటికి మిగిలిన ఆయుధం కుడితి కుండ. ఈ వైరస్ పంది మాంసపు ముక్కల్లో, ఎముకల్లో చాలాకాలం బతుకుతుంది. హోటళ్ల నుంచో, విందుల నుంచో తెచ్చిన మిగుళ్లను అలాగే పోస్తే వైరస్ దొడ్డిలోకి వస్తుంది. కుడితిని అరగంట తెర్లనిచ్చి, చల్లార్చి పోస్తే ఆ దారి మూసుకుంటుంది. సంతలో కొన్న కొత్త పందిని రెండు మూడు వారాలు వేరుగా ఉంచడం, చచ్చిన పందిని వాగులో వేయకుండా లోతుగా పూడ్చిపెట్టడం దీనికి తోడు.

ఇవన్నీ కలిపినా ఆ ఇంటి రోజువారీ పని పెద్దగా మారదు. గంప ఎత్తడం, నూకలు చల్లడం, కుడితి కాచడం, సాయంత్రం కోళ్లను లెక్కపెట్టి మూయడం ఎప్పుడూ ఉన్నవే. వాటికి చేరేవి ఒక దొడ్డి కంచె, మరికాస్త మంట, నాలుగు వారాల కాపలా. ఇవి ఏ ఇంటికి ఆ ఇల్లు చేసుకోగలిగినవే. టీకా ఒక్కటే వేరు. అది కావాలంటే పొరుగింటి గంప కూడా అదే తెల్లవారుజామున మూసి ఉండాలి. పన్నెండు ఇళ్లు ముందురోజు ఒక మాట అనుకుంటే ఆ సీసాలో నాలుగు చుక్కలే మిగులుతాయి.